అద్దాలు లేని బండి

నందకుమార్ బండికి అద్దాలు లేవు. ఊడిపోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. తనే స్పానరు పట్టుకుని రెండూ విప్పి, పాత బనియను గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు. నాలుగేళ్ళవుతోంది. సింగానల్లూరు సిగ్నలు దగ్గరుండే ట్రాఫిక్ పోలీసులకు ఆయన బాగా తెలిసిన మొహం. "ఎన్న అన్నా, ఇన్నైక్కుమ్ కణ్ణాడి ఇల్లియా?" అని తమిళంలో పలకరిస్తారు, ఇవాళా అద్దాలు లేవా అని. ఈయన తల గోక్కుని, జరిమానా కట్టి, నవ్వుకుంటూ పోతాడు. చేతకాక కాదు సుమా! నీళ్ళ మోటార్లకు వైండింగు చుట్టడంలో కోయంబత్తూరులో ఆయన చేతికి పేరుంది. కాలి బొగ్గయిన మోటారుకు ప్రాణం పోసే మనిషి రెండు అద్దాలు బిగించుకోలేడా? బిగించుకోలేడు. ఎందుకో చెబుతాను, వినండి. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నమ్మమని ఎవరి గడ్డమూ పట్టుకోను నేను.

ముందు బండి సంగతి. పదకొండేళ్ళ కిందటి దాకా ఆయనకున్నది ఒక మోపెడ్డు. దాని మీదే కారమడై తోటలకు పోయి మోటార్లు విప్పుకొచ్చేవాడు, దాని మీదే కూతుర్ని బడిలో దింపేవాడు. కూతురు చదువై తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో ఉద్యోగానికి చేరిన ఏడు, ఉన్నట్టుండి ఈ పెద్ద టూరింగు బండి కొనుక్కొచ్చాడు. ఎత్తయిన హ్యాండిలు, కడుపుతో ఉన్న గేదెలాంటి ట్యాంకు, వెనక రెండు పక్కలా సామాను పెట్టెలు. వాకిట్లో నిలబెడితే వీధి వీధంతా వచ్చి చూసింది. భార్య ఆనంది నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇది బండా మామా, దున్నపోతా? దీన్ని మేపేది ఎవురు?" అంది. మొగుణ్ణి మామా అని పిలవడం ఆ పక్క వాడుక.

అలా అన్నదే కానీ, మొదటి ఆదివారమే కొంగు దోపుకుని వెనకెక్కి కూర్చుంది. వాల్పారై పోయారు. మూణారు పోయారు. ధనుష్కోడి పోయి ఇసకలో బండి కూరుకుపోతే ఇద్దరూ కలిసి తోశారు. ఒకసారి హంపి దాకా పోయొచ్చారు. దారి పొడుగునా ఆనంది మాట్లాడుతూనే ఉండేది. హెల్మెట్టులో ఈయనకు గాలి హోరు తప్ప ఒక్క ముక్క వినబడేది కాదు. అయినా ఊఁ, ఊఁ అంటూ పోయేవాడు. టీ కావాలంటే భుజం మీద తట్టేది. పెళ్ళయి అన్నేళ్ళకు ఆ మొగుడూ పెళ్ళాలు మొదటిసారి స్నేహితులయ్యారు. నందకుమార్ బతుకులో మంచి కాలం ఏదంటే అదే.

అలాంటిది, నాలుగేళ్ళ కిందట ఆ సీటు మీద కూర్చోవడం మానేసింది ఆనంది. నందకుమార్‌కు వేరే కొరతలేమీ లేవు. షాపు నడుస్తోంది, కూతురు బాగుంది, బీపీ మాత్ర ఒకటే. పెళ్ళాం మళ్ళీ వెనక కూర్చుంటే చాలు, అంతకన్నా ఆయన ఏ దేవుణ్ణీ ఏమీ అడిగేవాడు కాదు. కానీ ఆనంది కూర్చోనంది. అక్కడ చోటు లేదంది.

చోటు ఎందుకు లేదో తెలియాలంటే పెట్టెమ్మ గురించి చెప్పాలి. నందకుమార్ వాళ్ళ సొంతూరు విరుదునగర్ దాటాక నల్లరేగడి నేలల్లో ఉంది. పత్తీ, కంబు అనే సజ్జా వేసుకునే తెలుగు ఇళ్ళు. బడిలో చదివేది తమిళం, ఇంట్లో మాట తెలుగు, ఎప్పుడొచ్చారయ్యా అంటే ఎవరికీ తెలియదు. ఆ ఇంటి దేవత పెట్టెమ్మ. గుడి లేదు, రాయి లేదు, బొమ్మ లేదు. ఒక వెదురు పెట్టె, అందులో ఒక ఎర్రంచు చీర. ఏటేటా మాసి నెలలో వచ్చే శివరాత్రికి పాత చీర తీసి కొత్త చీర పెడతారు. అంతే ఆ దేవత.

కథేమిటంటే, ఎవరో గుర్రాల మీద తరుముతుంటే ఆ వంశమంతా దక్షిణానికి పారిపోయి వస్తోంది. చిన్నకోడలు నిండు చూలాలు. అడుగు తీసి అడుగు వేయలేక వెనకబడింది. వెనక నుంచి పిలిచింది. "తిరిగి చూడొద్దు, చూస్తే కాళ్ళు ఆగిపోతాయి" అన్నాడు పెద్దాయన. ఎవరూ చూడలేదు. ఏరు దాటి గట్టెక్కాక చూస్తే ఆమె లేదు. అవతలి ఒడ్డున తుమ్మకంపకు చీర వేలాడుతోంది. ఎవడో ఈది పోయి ఆ చీర తెచ్చాడు, అది దేవత అయింది. మనవాళ్ళు ఇంతే లెండి, బతికుండగా గుక్కెడు నీళ్ళివ్వనివాళ్ళే చచ్చాక పొంగళ్ళు పెడతారు.

ఆ పెట్టెను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీసుకుపోవాలంటే పద్ధతి ఉంది. దారిలో నేల మీద పెట్టకూడదు, పెడితే అక్కడే ఉండిపోతుంది. పరాయి కప్పు కిందికి పోకూడదు, ఎందుకంటే ఆమె పోయింది ఆకాశం కింద. మోసేవాడు ఆ ఇంటి మగవాడే కావాలి, వెంట ఎవరూ ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మోసేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంటి ఆడమనిషి వాకిట్లో నిలబడి లోపలికి పిలిచేదాకా మెడ తిప్పకూడదు.

పెట్టెకు దీపం పెట్టేది నందకుమార్ మేనత్త చిన్నత్తాయి. చిన్న వయసులోనే మొగుడు పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. కళ్ళకు పొరలొచ్చి, చేతులు వణకడం మొదలయ్యాక, పెట్టె ఇక కోయంబత్తూరులో నందకుమార్ ఇంటికి పోవాలని పెద్దలు తేల్చారు. కారుకు కప్పుంది, బస్సుకు కప్పుంది. నెత్తిన పెట్టుకుని అంత దూరం నడిచే మొనగాడు ఈ కాలంలో ఎవడు? అందరి కళ్ళూ నందకుమార్ బండి మీద పడ్డాయి. ఆయన ఛాతీ జానెడు పొంగింది.

ఎంత జాగ్రత్త పడ్డాడో చెప్పలేను. పెట్రోలు బంకుకు కప్పు ఉంటుంది కాబట్టి ముందురోజే ట్యాంకు అంచు దాకా పోయించాడు. టోల్‌గేట్ల పక్కన రేకులు తగలకుండా మోటారు సైకిళ్ళు పోయే సందు ఎక్కడుందో చూసిపెట్టుకున్నాడు. వంతెన కింద పోవాల్సిన చోట చుట్టుదారి పట్టాలనుకున్నాడు. పసుపు గుడ్డలో చుట్టిన పెట్టెను వెనక సీటు మీద తాళ్ళతో కట్టాడు. చిన్నత్తాయి వచ్చి తడిమి చూసి, "నాయనా, ఏమి వినబడినా తిరిగి చూడాకు. నీ పెండ్లాము పిలిచేదాకా చూడాకు" అంది. "సరి అత్తా" అన్నాడు. ఎడ్లబండికి అద్దాలుండవు. నెత్తికి అద్దాలుండవు. ఆ పద్ధతి పెట్టినవాళ్ళకు అద్దాల సంగతి తెలియదు, ఇంత జాగ్రత్తపరుడికీ తట్టలేదు.

మదురై దాటాడు, దిండుక్కల్లు దాటాడు, ఒట్టన్‌సత్రం దాటాడు. ధారాపురం పోయాక, గాలిమరలు తిరిగే ఆ బయలు నేలలో, వెనక లారీ హారను కొట్టింది. ఏళ్ళ తరబడి అలవాటు! కన్ను దానంతట అదే కుడి అద్దం మీదికి పోయింది.

లారీ లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. అద్దంలో ఒక ఆడమనిషి భుజం ఉంది. ఎర్రంచు కొంగు గాలికి టపటపా కొట్టుకుంటోంది. మొహం కనబడలేదు. ఆమె వచ్చిన దారివైపు, వెనక్కి తిరిగి చూస్తోంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నందకుమార్ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పెట్టె కట్టిన తాళ్ళు కట్టినట్టే ఉన్నాయని వీపుకు తెలుస్తోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అచ్చం అదే. ఆపడానికి లేదు, చూడటానికి లేదు. పళ్ళు బిగించి, కళ్ళు రోడ్డుకు అతికించి ఇల్లు చేరాడు. ఆనంది హారతి పట్టి పిలిచింది, పెట్టె గూట్లోకి చేరింది. మర్నాడు తెరిచి చూస్తే, మాసిలో పెట్టిన కొత్త చీర, మడత కూడా విప్పని చీర, దాని అంచంతా మట్టి. కుచ్చెళ్ళు పోసుకునే చోట పల్లేరు కాయలు గుచ్చుకుని ఉన్నాయి.

చిన్నత్తాయికి ఫోను చేసి అంతా చెప్పాడు.

"ఆమె నిన్ను చూసినదా?" అని అడిగింది అత్త.

"లేదత్తా. మొగము అటు తిప్పుకోని ఉండె."

"అట్లయితే సరి. అద్దాలు పీకి పారెయ్. ఎప్పుడో ఒగనాడు ఇటు తిరుగుతుంది. ఆ పొద్దు నువ్వు చూస్తా ఉండకూడదు."

అదీ అద్దాల కథ. ఆనాటి నుంచి బండెక్కితే ఆయన మెడ కూడా వెనక్కి తిప్పలేదు. అయితే అద్దాలు తీసేసినంత మాత్రాన బరువు పోలేదు.

బరువు సంగతి మొదట కనిపెట్టింది మెకానిక్ ఇరుళప్పన్. ఈయనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, కొన్నప్పటి నుంచీ ఈ బండి వాడి చేతిలోనే పెరిగింది. ఒకనాడు సర్వీసుకిస్తే బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "అన్నా, దినమూ ఎవుర్ని ఎక్కించుకోని తిరుగుతుండావు?" అన్నాడు.

"ఎవురూ లేదే. నేనొగడే."

"నాకాడ చెప్పాకు. ముందు టైరు కొత్తదాని మాదిరి ఉండాది. వెనక టైరు గుండయి పోయుండాది. ఇది ఇద్దురు కూచుండే అరుగుడు. షాకబ్జర్ చూడు, ఎట్ల దిగిపోయుండాదో. మనిషి అబద్ధం చెప్తాడన్నా, స్ప్రింగు చెప్పదు." కొత్త స్ప్రింగు వేశాడు. అదీ కొన్నాళ్ళకు అంతే దిగింది. చైను తొందరగా సాగింది, మైలేజీ తగ్గింది, వెనక బ్రేకు ప్యాడ్లు ముందటివాటికన్నా ముందే అరిగాయి. వెనక ఫుట్‌రెస్టు రబ్బర్లు కూడా అరిగాయి, అదెలాగో ఇరుళప్పన్‌కూ తెలియలేదు. వాడు ఆ తరువాత ఏమీ అడగలేదు. సర్వీసు అయ్యాక సీటు మీద చెయ్యి వేయకుండా తుడిచి ఇచ్చేవాడు.

పెట్టె వచ్చిన నెల్లోనే ఆనంది ఒకసారి వెనకెక్కింది. వీధి మలుపు తిరగకముందే "ఆపు, ఆపు" అని దిగిపోయింది. "చోటు లేదు మామా. నా మోకాలికి ఇంకో మోకాలు తగలతాది. ఐసు మాదిరి ఉండాది" అంది. నందకుమార్ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. ఆమె భయపడలేదు, అది గమనించండి. ఆనందికి కోపం వచ్చింది. తన సీటు అది. గూట్లో దీపం పెట్టేటప్పుడు కూడా ఆ పెట్టె వంక గుర్రుగా చూసేది.

ఇక నందకుమార్ ఒక్కడే తిరిగాడు. ఒక్కడే అని లోకం అనుకుంది. రోడ్డు పక్క కుక్కలు మామూలుగా బండ్ల వెంటపడతాయా? ఈ బండిని చూస్తే లేచి నిలబడి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పొదల్లోకి పోయేవి. మలుపుల్లో బండి ఇద్దరు కూర్చున్నట్టే ఒరిగేది. మొదట్లో చెమటలు పట్టేవి. తరువాత అలవాటైంది, మనిషికి ఏదైనా అలవాటవుతుంది. ఒకసారి సత్యమంగళం ఘాటులో ఆగి హెల్మెట్టు తీశాక తట్టింది ఆయనకు, కొండ కింద నుంచీ తను ఊఁ, ఊఁ అంటూ వస్తున్నానని. ఎవరి మాటలకు ఊఁ కొట్టాడు? ఆ రోజు బండి అక్కడే వదిలేసి బస్సులో పోదామా అనుకున్నాడు.

ఈ మాట దాచుకోలేక ఆనందికి చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. ఆ రోజు నుంచి ఆమె ముభావమైపోయింది. "అమ్మెయ్ దాన్ని" అనేది. "పెట్టెమ్మ కూచున్న బండిని ఎట్ల అమ్మేదే? తప్పు కదా" అనేవాడు. ఇంట్లో అన్నం పెట్టడం, తినడం జరుగుతూనే ఉన్నాయి కానీ మాటలు తరిగిపోయాయి. ఆదివారాలు ఆయనొక గదిలో, ఆమె ఇంకో గదిలో. తనకు దక్కిన స్నేహం తన కళ్ళ ముందే చేజారిపోతుంటే నందకుమార్ లోలోపల కుమిలిపోయాడు.

ఈ ఏడు ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, పెరియకుళంలో ఉండే ఆనంది అక్క అముద, మామిడి తోటలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. చూడటానికి పోవాలి. ఆనంది సంచి సర్దుకుని వచ్చి బండి దగ్గర నిలబడింది.

"ఈ ఒగ తూరి దీంట్లోనే వస్తాను. చోటుంటే సరి. లేదంటే తిరిగి వచ్చినాక ఈ ఇంట్లో బండైనా ఉండాల, నేనైనా ఉండాల. నువ్వే చెప్పు."

నందకుమార్ ఆమె సంచి అందుకుని సామాను పెట్టెలో పెట్టాడు. "నువ్వే ఉండాల" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆమె ఎక్కింది. వీధి మలుపు తిరిగారు. ఏమీ కాలేదు. పొల్లాచ్చి దాటారు, ఉడుమలపేట దాటారు. ఏమీ కాలేదు! పళని దగ్గర భుజం మీద తట్టి, టీ కొట్టు ముందు దిగి, "ఈ దినము ఎవురూ లేదు మామా. నాకు చోటిచ్చిందేమో" అని నవ్వింది. ఎన్నాళ్ళయింది ఆ నవ్వు చూసి! పెరియకుళం చేరేదాకా వెనక నుంచి ఏదో మాట్లాడుతూనే ఉంది, ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. హెల్మెట్టు లోపల ఆయన కళ్ళు తడిశాయి.

సంతోషం ఎక్కువైనా మనిషి బుద్ధి నిలవదు. తిరుగు ప్రయాణానికి తిన్నగా బత్తలగుండు రోడ్డున పోవచ్చు కదా? పోడు. కుంభక్కరై మీదుగా అడుక్కం దారిన కొండెక్కి, కొడైక్కానల్ పక్క నుంచి పళనికి దిగుదామన్నాడు. పెళ్ళాం వెనకుంటే తనెంత బాగా తోలతాడో చూపించుకోవాలి మరి. ఇరుకు దారి, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మనిషి జాడ లేదు. సగం దూరం పోయేసరికి ఒక మలుపులో కొండ జారి మట్టీ రాళ్ళూ దారికి అడ్డంగా పడి ఉన్నాయి. ఒక బండి మాత్రం పట్టే సందుంది.

"దిగి నడిచి రా. నేను దాటించి ఆడ నిలబడతాను" అన్నాడు. ఆనంది దిగింది. ఈయన ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మొదటి గేరులో, రాళ్ళ మీద బండిని ఎగరేస్తూ దిద్దుతూ అవతలికి చేర్చాడు. తల ప్రాణం తోకకొచ్చింది. ఆగి, ఒక కాలు కింద పెట్టుకున్నాడు. అప్పటికే పై నుంచి మంచు దిగింది. ముందున్న మలుపు కూడా సరిగా కనబడటం లేదు.

"రా, ఎక్కు" అన్నాడు. వెనక స్ప్రింగు దిగింది. భుజం మీద చెయ్యి పడింది. "కూచుంటివా?" అన్నాడు. చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాలుగేళ్ళుగా మెడ తిప్పని మనిషి, నాలుగేళ్ళుగా ఆ బరువే మోస్తున్న మనిషి. తేడా ఎలా తెలుస్తుంది? గేరు వేసి పోయాడు.

పైగా ఆ రోజు మాట్లాడింది ఆయనే. ఈసారి హంపికి మళ్ళీ పోదాం అన్నాడు. ఇన్నాళ్ళూ నిన్ను బాధపెట్టాను, నాకు తెలుసు అన్నాడు. చెయ్యి భుజాన్ని కుదిపింది. "చలేస్తాదా? పైన టీ తాగుదాము, ఉండు" అన్నాడు. మళ్ళీ కుదిపింది, ఇంకా గట్టిగా. టీకి అంత తొందరా అని నవ్వి వేగం పెంచాడు. చెయ్యి భుజాన్ని గోళ్ళతో పట్టి వెనక్కి లాగింది. "అబ్బ, నొస్తాదే! వచ్చేసినాము" అని ఇంకా పెంచాడు.

పెరుమాళ్‌మలై మలుపులో పొన్ను అనే ఆవిడ టీ కొట్టు. బండి ఆపి, హెల్మెట్టు తీసి, "అక్కా, రెండు టీ" అన్నాడు తమిళంలో. ఆవిడ గిన్నె కడుగుతూ తలెత్తి చూసింది. "ఇంకొకటి ఎవరికి, అన్నా?"

అప్పుడు తిరిగాడు. బండి మీద కూర్చుని వెనక్కి తిరగడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. ట్యాంకు మీద మంచు నీళ్ళు కారుతున్నాయి, సామాను పెట్టెల మీద కారుతున్నాయి, తన చొక్కా ముద్దయి ఉంది. వెనక సీటు మాత్రం ఒక మనిషి కూర్చున్నంత మేర పొడిగా ఉంది.

ఆనందికి ఫోను చేస్తే ట్యాంకు బ్యాగులో మోగింది. తొందరలో బండి రెండుసార్లు ఆరిపోయింది. ఏరు, తుమ్మకంప, చీర. ఆ మూడే కళ్ళ ముందు తిరిగాయి. కిందికి తిప్పాడు. వెనక బరువు అలాగే ఉంది, భుజం మీద చెయ్యి మాత్రం లేదు. ప్రతి మలుపులో "ఆనందీ, ఆనందీ" అని అరుస్తూ, ఏడుస్తూ దిగాడు. తాతముత్తాతలను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లు నేను ఇక్కడ చెప్పను.

రాళ్ళు జారిన చోట, రోడ్డు అంచున ఒక బండ మీద, మోకాళ్ళు కడుపులో పెట్టుకుని కూర్చుని ఉంది ఆనంది. ఒళ్ళంతా తడిసి వణుకుతోంది. బండి ఆపి, స్టాండు వేసి, పరుగెత్తి ఆమె ముందు కూలబడ్డాడు. చేతులు పట్టుకున్నాడు. వెచ్చగా లేవు కానీ మనిషి చేతులే.

"అరిస్తిని మామా. గొంతు పగిలేటట్ల అరిస్తిని. నువ్వు తిరిగి చూడలే."

"నువ్వు ఎక్కినావనుకుంటినే. చెయ్యి పడె. నీ చెయ్యే అనుకుంటిని."

"ఎక్కింది ఆమె. నేను ఆ రాళ్ళ మింద ఉండంగానే ఎక్కె. ఎర్రంచు కొంగు." ఆనంది పైకి పోయే దారివైపు చెయ్యి చూపింది. "నేను అరస్తా ఉంటే ఆమె ఇటు తిరిగి నన్ను చూసె మామా. నువ్వు చూడలే, ఆమె చూసె. నన్ను చూసి, నీ భుజము పట్టుకోని కుదిపె. ఎన్ని తూర్లు కుదిపెనో! మంచులో కలిసిపోయేదాకా కుదపతానే ఉండె. నువ్వు ఇంకా వేగంగా పోతివి."

నందకుమార్ భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. గోళ్ళు దిగిన చోటు ఇంకా మండుతోంది. ఆపమని చెప్పింది ఆమె. వెనక ఒక ఆడది ఉండిపోయింది, ఆపమని చెప్పింది. ఎన్ని వందల ఏళ్ళుగానో ఆ ఇంటి మగవాళ్ళకు ఆమె చెబుతూ వచ్చింది ఆ ఒక్క మాటే కాబోలు. వాళ్ళేమో పసుపు గుడ్డ చుట్టి, దీపం పెట్టి, చూడకూడదని పద్ధతి పెట్టుకున్నారు. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు.

"ఆమెను చూడు" అంది ఆనంది.

"అత్త చూడాకు అనె కదే."

"మీ అత్త మాట వద్దు, మీ తాత మాటా వద్దు. నాకోసరము తిరిగి వస్తివే, ఆమెకోసరము ఎవురు పోయిరి? తిరిగి చూడు."

ఆయన లేచి నిలబడ్డాడు. మెడ కొయ్యబారి పోయింది. మెల్లగా బండివైపు తిరిగాడు. మంచులో బండి పక్కకు ఒరిగి నిలబడి ఉంది. వెనక సీటు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్న ఆ చోటునే రెప్ప వేయకుండా చూశాడు.

"వచ్చుండాల తల్లీ. ఆ పొద్దే తిరిగి వచ్చుండాల మావాళ్ళు" అన్నాడు. లోయలో ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు.

ఆనంది కొంగు పిండి మొహం తుడుచుకుంది. బండి దగ్గరికి నడిచి, వెనక ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి, టౌను బస్సులో పక్క మనిషితో అన్నట్టు, "కొంచెం జరుగమ్మా, నేనూ కూచుంటాను" అంది.

సీటు కిర్రుమంది. ఆనంది ఇంకా కూర్చోలేదు.